పెదనాన్న పెట్టిన ఎర్ర చుక్క

మా పెదనాన్న బతుకంతా చెరపడంతోనే గడిచింది. కుర్రతనంలో ఒక పాటల కొట్లో చేరాడు. అమ్ముడుపోని క్యాసెట్లని ఇనప దిమ్మలాంటి ఒక అయస్కాంతపు యంత్రం మీద గుండ్రంగా తిప్పితే లోపలి పాట పోయేది. ఖాళీ అయిన క్యాసెట్లో కొట్టు యజమాని కొత్త పాట ఎక్కించి అమ్ముకునేవాడు. తిప్పే పని పెదనాన్నది. "ఎంత గొప్ప గాయకుడైనా నా చేతి కిందకి వచ్చాక నోరు మూసుకోవాల్సిందే" అనేవాడు. క్యాసెట్లు పోయాయి, కొట్టూ పోయింది. ఆ గర్వం మాత్రం ఆయన వెంటే ఇంకో కొలువుకి వచ్చింది.

ఆ కొలువే నాదీ. టైర్ల గోదాము వెనక రేకుల షెడ్డు. ఎండాకాలం పైన రేకులు, పక్కన రబ్బరు కంపు, మధ్యలో మేము. ఆఫీసులు, ఆసుపత్రులు పాత కంప్యూటర్లు వదిలించుకునేటప్పుడు లోపలి డిస్కుల్ని మా దగ్గరికి పంపుతాయి. ఫైలు తీసేశాం, ఇక పోయింది అనుకుంటారు జనం. ఏమీ పోదు. గుమ్మానికున్న పేరు పలక పీకేస్తే ఇంట్లో మనుషులు మాయమవుతారా? పలక లేదు కాబట్టి ఉత్తరాలిచ్చేవాడు దాటిపోతాడు, అంతే. తలుపు తోసి చూసేవాడికి అందరూ లోపలే కనిపిస్తారు. ఆ మనుషుల్ని కూడా ఖాళీ చేయించడం మా పని.

నేను కూర్చునేది రాత బల్ల దగ్గర. డిస్కుని తగిలించి, ఈ చివర నుంచి ఆ చివర దాకా సున్నాలు రాయించి, మళ్లీ చదివించి, సున్నాలు తప్ప ఇంకేమీ లేవని చూసుకోవాలి. పని నిదానం. మా షెడ్డులో దీనికి గౌరవం లేదు. గౌరవమంతా పెదనాన్న గదిదే. అక్కడొక పెద్ద ఇనప పెట్టె, దానికొక నోరు. డిస్కుని నోట్లో పెట్టి మీట నొక్కితే ధడేల్మని ఒక చప్పుడు. అయస్కాంతం దెబ్బకి డిస్కు లోపలి పళ్లెం మీద రాతంతా చెదిరిపోతుంది. ఆ తర్వాత అది తిరగదు, చదవదు, దేనికీ పనికిరాదు. చచ్చిందో లేదో పరీక్షించడానికి కూడా ఏమీ ఉండదు. పెదనాన్న దాని మీద రంగు డబ్బాలో ముంచిన కుంచెతో ఒక ఎర్ర చుక్క పెట్టేవాడు. ఎర్ర చుక్క ఉన్నదాన్ని మళ్లీ ఎవరూ యంత్రానికి తగిలించి చూడకూడదు. అది మా షెడ్డు కట్టుబాటు. చూడాలని ఎవరికీ తోచదు కూడా. చుక్క పెట్టింది అయస్కాంతం. పెదనాన్నని అందరూ అయస్కాంతం అనే పిలిచేవాళ్లు.

అయితే ఇప్పుడొచ్చే డిస్కుల్లో సగం పైగా తిరిగే పళ్లెం లేనివి. లోపల ఉట్టి చిప్పులే. వాటికి అయస్కాంతం అంటే లెక్కే లేదు. గోడకి చెప్పినట్టే. వాటిని నా బల్ల మీదకి పంపి వాటి లోపలే ఉన్న చెరిపే ఆజ్ఞతో తుడిపించాలి, లేదంటే మూలనున్న పిండి మరలాంటి దాంట్లో వేసి నుగ్గు చెయ్యాలి. అందుకే వ్యాను నుంచి దిగిన ప్రతి డిస్కుల పెట్టె ముందుగా వదిన బల్ల మీదకి వెళ్లాలి.

వదిన ఎవరి వదినో ఎవరికీ తెలియదు. మొదట్లో ఎవరో పిలిచారు, అందరికీ వదిన అయిపోయింది. పెదనాన్న కంటే చాలా చిన్నది. అయినా "నేను వదిననైతే నువ్వు మరిదివే కదా" అని ఆయన్ని మరిదిగారూ అని పిలిచి ఏడిపించేది. డిస్కుని అరచేతిలో పెట్టుకుని ఇటూ అటూ వొంచేది. పళ్లెం ఉన్నది బరువుగా, చేతిలో కాస్త బద్ధకంగా కదులుతుంది. చిప్పులది అగ్గిపెట్టెలా తేలిపోతుంది. చీటీ చదివే పని లేకుండానే రెండు కుప్పలు చేసేసేది.

నేను ఊరుకునేవాణ్ని కాదు. పాత పుస్తకాల బండి మీద దొరికినవన్నీ చదివి, తెలిసింది కక్కకపోతే నిద్ర పట్టని రోజులవి.

"పెదనాన్నా, ఇంకొన్నాళ్లకి నీ పెట్టె నోట్లో పెట్టడానికి ఏమీ దొరకదు. అన్నీ చిప్పులే వస్తాయి" అన్నాను ఒకసారి.

"రానీరా. చిప్పులకి కూడా ఓ దెబ్బ తగిలిస్తే బుద్ధొస్తుంది."

"రాదు. ఇనపముక్కకి తెలిసినంత కూడా దానికి అయస్కాంతం తెలియదు."

"నీకు చదువొచ్చిందని ఇల్లంతా పుస్తకాలు పరిచావు. కూర్చోడానికి చోటు లేదు. నాకు అయస్కాంతం వచ్చు. నా గదిలో కుర్చీ ఉంది. ఎవడు తెలివైనవాడు?"

వదిన పకపకా నవ్వింది. "మరిదిగారి కుర్చీ మీద మాత్రం చెయ్యి వెయ్యకు నాయనా."

దెబ్బతో బుద్ధొస్తుందని పెదనాన్న అన్నాడే గాని తెలియక కాదు. చిప్పులు ఎప్పుడొచ్చినా పక్కన పెట్టి నా బల్లకే పంపేవాడు. పనిలో ఆయన తప్పు చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. ఆ ఒక్క పెట్టె విషయంలో తప్ప.

ఆ పెట్టె గురించి చెప్పాలంటే పెదనాన్న కూతురు, మా అక్క గురించి చెప్పాలి. అక్క చిన్నప్పుడే పెద్దమ్మ పోయింది. తండ్రీ కూతురూ ఇద్దరే, మా ఇంటి పై వాటాలో. అక్కకి పంతొమ్మిదో ఏట మనసు చెడింది. పగలంతా పడుకునేది. స్నానం మానేసింది. ఒకరోజు మాత్రల సీసా ఖాళీ చేసింది. బతికింది. ఊరవతల ఒక మనసు జబ్బుల ఆసుపత్రిలో నెలల తరబడి ఉంది. అక్కడి డాక్టరు మంచివాడే. "కెమెరా పెట్టుకుంటానమ్మా, నువ్వు చెప్పింది నేను మళ్లీ వినాలి" అని అడిగి, ఆమె మాట్లాడినవన్నీ రికార్డు చేసుకున్నాడు. ఆ స్థితిలో ఎవరు కాదంటారు?

అక్క బాగుపడింది. పసిపిల్లల బడిలో ఆయాగా చేరి, పిల్లలు ఆమెను వదలకపోవడంతో టీచరయ్యే దాకా వచ్చింది. కానీ ఏదో ఒక పూట ఉన్నట్టుండి అడిగేది.

"ఆ వీడియోలు ఏమయ్యుంటాయి నాన్నా?"

"ఉంటాయిలే ఎక్కడో."

"అదే. ఎక్కడ?"

ఊళ్లో వాళ్లందరి గుట్టూ చెరిపే మనిషి, కూతురి గుట్టు ఏ గదిలో ఏ కంప్యూటర్లో ఉందో తెలియక నలిగిపోయేవాడు.

అందుకే ఆ ఆసుపత్రి కంప్యూటర్లన్నీ మార్చేస్తోందని, పాత డిస్కులు మాకే వస్తున్నాయని డ్రైవరు చెప్పిన రోజున ఆయన కాళ్లు నేల మీద ఆగలేదు. మెట్లెక్కుతూనే కేకేశాడు.

"అమ్మాయ్, వస్తున్నాయి! మా దగ్గరికే!"

విషయం విని అక్క, "నువ్వు చూడకు నాన్నా" అంది.

"చూడ్డానికి నాకేం పని? పెట్టడం, కొట్టడం, అంతే."

"ఇంకెవరూ చూడరుగా?"

"పెట్టె వ్యాను దిగ్గానే నా గదిలోకి పోతుంది. ఎవడి చేతా ముట్టనివ్వను."

"ఒట్టు?"

"ఒట్టు."

నేను అక్కడే ఉన్నాను. అక్క మొహంలో అలాంటి వెలుగు చూసి చాన్నాళ్లయింది.

వ్యాను వచ్చింది. డ్రైవరు తలుపు తీయగానే పెదనాన్న ముందుకెళ్లి ఆసుపత్రి పెట్టెని గుండెలకి హత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు.

"మరిదిగారూ, అది నా బల్ల మీదకి రావాలి" అంది వదిన.

"దీనికి నీ బల్ల అక్కర్లేదు."

"ఏం, అందులో మీ పెళ్లిచూపుల ఫొటోలున్నాయా?"

షెడ్డంతా గొల్లుమంది. మామూలుగా అయితే ఆయన తిరిగి రెండు అంటించేవాడు. ఆ రోజు చెవులెర్రబడి, గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. వదిన ఆశ్చర్యపోయి, "పోనీలే, ముసలాయనకి ఇవాళ ఏదో తిక్క" అని తన పని చూసుకుంది. ధడేల్, ధడేల్మని చప్పుళ్లు వినబడ్డాయి. బయటికి వచ్చేసరికి ప్రతిదాని మీదా ఎర్ర చుక్క.

ఆ డిస్కులు ఒక్కొక్కటీ ఒక ఇనప చట్రంలో బిగించి ఉన్నాయి. పెద్ద యంత్రాల నుంచి సొరుగులా లాగి తీసే రకం. చట్రం మరలు విప్పి డిస్కుని బయటికి తీసి చేతిలో తూచాలి. అది వదిన బల్ల మీద జరిగే పని. చట్రంతో ఎత్తితే అన్నీ బరువుగానే ఉంటాయి. పెదనాన్న విప్పలేదు. విప్పితే ఆలస్యం. ఆలస్యమైతే ఎవరో తలుపు తడతారు. తలుపు తడితే కూతురికి వేసిన ఒట్టు గుర్తొస్తుంది. పెట్టె నోరు వెడల్పుగానే ఉంది, చట్రంతో సహా పట్టింది. చట్రాల లోపల ఉన్నవి చిప్పులు. ఒక్క అక్షరం కూడా చెక్కు చెదరలేదు.

ఇది మాకు ఆ రోజు తెలియదు. పెదనాన్న ఇంటికి వెళ్లి అక్కతో ఒక్క మాటే అన్నాడు.

"పోయింది."

అక్క ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆ ధైర్యంతోనే, బడి పెద్ద టీచరు ఆమెని పిల్లల తరగతికి తీసుకునే ముందు "ఎప్పుడైనా ఏదైనా జబ్బుకి చికిత్స తీసుకున్నావా అమ్మా?" అని అడిగితే "లేదు మేడమ్" అనేసింది. లేనిదాన్ని ఉందని ఎందుకు చెప్పాలి? నాన్న తన చేత్తో లేకుండా చేశాడు కదా.

ఎర్ర చుక్క పెట్టినవన్నీ పిండి మరలోకి వెళ్లాలని ఒప్పందం. మా మర ఎప్పుడో పళ్లు విరిగి మూలన పడుంది. షెడ్డు యజమాని దాన్ని బాగు చేయించలేదు. చుక్క పెట్టిన సరుకుని గోతాల్లో పోసి పాతసామాన్లవాడికి తూకానికి అమ్మేసి, ఆసుపత్రులకీ ఆఫీసులకీ మాత్రం "నుగ్గు చేయబడినవి" అని ముద్ర వేసి కాగితం పంపేవాడు. షెడ్డులో అందరికీ తెలుసు. పెదనాన్నకీ తెలుసు. "చచ్చినదాన్ని కాలిస్తేనేం, పూడిస్తేనేం" అనేవాడు. తిరిగే డిస్కుల విషయంలో ఆ మాట నిజమే. ఎవడికీ నష్టం ఏమీ లేదు. అలాంటి చిన్న చిన్న మోసాల మీదే ఈ లోకం సుఖంగా కూర్చుని ఉంది. ఒక్కటి విరిగితే తెలుస్తుంది, కుర్చీకి కాళ్లే లేవని.

పాతసామాన్లవాడు చట్రాలు విప్పాడు. చిప్పులు కనబడ్డాయి. ఒక రిపేరు కొట్టువాడు వాటిని కొని తగిలించి చూశాడు. మాకున్న కట్టుబాటు వాడికి లేదుగా. అన్నీ పనిచేస్తున్నాయి. లోపల ఆసుపత్రి ఆసుపత్రంతా ఉంది.

టీ వేళ. షెడ్డు బయట నీడలో అందరం నిలబడ్డాం. డ్రైవరు ఫోను పట్టుకుని తనలో తాను నవ్వుకుంటున్నాడు.

"ఏంట్రా అంత నవ్వు?" అంది వదిన.

"ఎవత్తో పిచ్చిది వదినా. నవ్వుతుందో ఏడుస్తుందో తెలియదు. ఊరంతా ఇదే చూస్తోంది. వెనకాల డప్పు కొట్టి పెట్టారు, విను."

ఫోను చప్పుడు పెంచాడు. డప్పు మోత. ఆ మోతలో ఒక ఆడగొంతు నవ్వుతూ ఏడుస్తోంది. పెదనాన్న మాకు వీపు చేసి టీ తాగుతున్నాడు. బొమ్మ చూడలేదు. గొంతు విన్నాడు. గ్లాసు చేతిలోనే ఉంది, టీ మాత్రం చొక్కా మీదుగా కారిపోతోంది. కాలుతున్న సంగతి కూడా ఆయనకి తెలియలేదు.

"ఆపు" అన్నాడు.

"ఉండు అయస్కాంతం, అసలు తమాషా ఇప్పుడే..."

నేను వెళ్లి ఫోను లాక్కున్నాను. తెల్ల గోడ, ఒక చేతుల కుర్చీ, అందులో కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్న మా అక్క. డ్రైవరు బిత్తరపోయాడు. వాడు మా అక్కని ఎప్పుడూ చూడలేదు. వాడి మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

వదిన ఒకసారి ఫోను కేసి, ఒకసారి పెదనాన్న కేసి చూసింది. నవ్వు, వేళాకోళం అన్నీ పోయాయి.

"ఆ పెట్టేనా?" అంది మెల్లగా.

ఆయన తలూపాడు.

"చట్రాలు విప్పావా?"

ఆయన ఖాళీ గ్లాసు కింద పెట్టాడు.

"విప్పలేదు" అంది వదిన తనకి తానే. "నా బల్ల మీద పెట్టుంటే, నేను ఒక్కటి విప్పి చూసుంటే... ఎందుకయ్యా, ఎందుకు? నేను మాత్రం చూస్తానా లోపలేముందో? చేత్తో తూయడమేగా నా పని!"

నిజమే. మాలో ఎవరికి ఇచ్చినా అది పోయి ఉండేది. వదిన తూచేది, నేను తుడిచేవాణ్ని. లోపలున్నది ఎవరని ఎవరమూ అడిగేవాళ్లం కాదు. ఏదీ చూడకపోవడమే మా వృత్తి. కన్నతండ్రి ప్రేమగా చెయ్యి పెట్టాడు కాబట్టి అది మిగిలింది.

యజమానికి కబురు అందింది. పెదనాన్నని అద్దాల గదిలోకి పిలిచాడు. నేనూ వెంట వెళ్లాను.

"ఏమయ్యా, పెట్టెని బల్ల దాటించింది నువ్వేనా?"

"నేనే సార్."

"ఎందుకు?"

పెదనాన్న నేల చూపులు చూశాడు. ఎందుకో చెబితే వీడియోలో ఉన్నది ఎవరో చెప్పాలి. "తొందరలో సార్" అన్నాడు.

"తొందరా! ఇన్నేళ్లు లేని తొందర ఇప్పుడొచ్చిందా? ఎవడైనా చెయ్యి తడిపాడా?"

"సార్, అసలు మర పనిచేస్తుంటే..." అని నేను మొదలుపెట్టాను. పెదనాన్న నా మణికట్టు పట్టుకున్నాడు. ఎంత గట్టిగా అంటే వేళ్ల గుర్తులు పడ్డాయి. మర సంగతి తీస్తే గొడవ పెద్దదవుతుంది, గొడవ పెద్దదైతే నలుగురూ వస్తారు, నలుగురొస్తే ఆ అమ్మాయి ఎవరని అడుగుతారు. ఆయన లెక్క అది. యజమాని లెక్క ఇంకా తేలిక. తప్పంతా ఒక ముసలి పనివాడిది. రేపటి నుంచి రావద్దన్నాడు. రంగు డబ్బా, కుంచె అక్కడే వదిలేసి పెదనాన్న ఇంటికి నడిచాడు. వెనకాల యజమాని వదినతో అంటున్నాడు, "ఇకమీదట చుక్క నువ్వే పెట్టమ్మా."

మేం వెళ్లేసరికి అక్క వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. పట్టపగలు ఆమె ఇంట్లో ఉండటంతోనే అర్థమైంది.

"బళ్లో తెలిసిందా?" అన్నాను.

"పిల్లల తల్లులు చూపించారట. పెద్ద టీచరు చాలా మర్యాదగా మాట్లాడింది. జబ్బు తప్పు కాదమ్మా, అబద్ధం తప్పు అంది."

నిజం చెప్పి ఉంటే ఆవిడ ఉద్యోగం ఇచ్చేదా? ఇంటికి పంపేది, ఇంకా మర్యాదగా.

అక్క తండ్రి వైపు తిరిగింది. "పోయిందన్నావు."

"పోయిందనే అనుకున్నానమ్మా."

"అనుకున్నావా, చూశావా?"

"అయస్కాంతం పెట్టాక చూడ్డానికి ఏమీ ఉండదు."

"నువ్వు పోయిందన్నావు కాబట్టి నేను లేదన్నాను నాన్నా. అబద్ధం చెప్పానని అంటున్నారు. నేను చెప్పలేదు. నీ మాటే చెప్పాను."

ఆయన గోడకి ఆనుకుని అలాగే జారి కూర్చున్నాడు. నేను చట్రాల సంగతి, మర సంగతి, గోతాల సంగతి అన్నీ అక్కకి చెప్పేశాను. ఆయన వద్దని సైగ చేస్తున్నా చెప్పాను. అక్క విని లేచి మొహం కడుక్కుంది.

"ఆసుపత్రికి వెళ్దాం పదండి. వాళ్లు అడిగితే కదా మీ యజమాని చేసింది బయటపడేది. వాళ్ల దగ్గర నేనున్నానని ఒక కాగితం ఇస్తే ఆ వీడియో తీయించమని ఎక్కడైనా అడగొచ్చు. ఎవరో పిచ్చిది కాదు, చికిత్స తీసుకున్న మనిషిని అని బళ్లోనూ చెప్పొచ్చు."

నాకు మొదటిసారి కాస్త ఆశ కలిగింది. సిగ్గుపడాలి అలాంటప్పుడు ఆశ పడ్డందుకు.

ఆసుపత్రి గోడలకి కొత్త రంగు వేశారు. ఆ మంచి డాక్టరు ఎప్పుడో వెళ్లిపోయాడట. మేనేజరు మమ్మల్ని కూర్చోబెట్టి, అక్క చెప్పిందంతా విని, కంప్యూటరులో వెతికాడు.

"మీ వివరాలు మా దగ్గర లేవమ్మా."

"ఇక్కడ నెలల తరబడి ఉన్నానండీ."

"ఉండొచ్చు. పాతవన్నీ తీసేశాం. కొత్తదాంట్లోకి ఎక్కించలేదు."

అక్క ఫోను తీసి ఆయన ముందు పెట్టింది. "ఇది మీ గది. ఇది మీ కుర్చీ."

మేనేజరు దాని వైపు చూడనైనా చూడలేదు. "అలాంటి కుర్చీలు ఎక్కడైనా ఉంటాయమ్మా. మా డిస్కులన్నీ నుగ్గు చేశారు. మా దగ్గర కాగితం ఉంది. నుగ్గయిపోయిన దాంట్లోంచి వీడియో ఎలా వస్తుంది? కాబట్టి ఇది మాది కాదు."

కాగితం చూపించాడు. మా షెడ్డు ముద్ర. లోకంలో అక్క రికార్డు నిజంగా చెరిగిపోయిన చోటు ఒక్కటే ఉంది. అది ఆమెకి అవసరమైన చోటు.

"నుగ్గు చెయ్యలేదండీ" అన్నాడు పెదనాన్న.

"మీరెవరు?"

"వాటిని చెరిపింది నేను." గొంతు సవరించుకున్నాడు. "చెరపలేదు. చెరిపాననుకున్నాను. పోలేదండీ."

జీవితంలో ఆ మాట ఆయన నోట మొదటిసారి విన్నాను. మేనేజరు కూడా కొంచెం కదిలాడు. ఒక తెల్లకాగితం, పెన్ను ముందుకి తోశాడు.

"అయితే ఇదే రాసి సంతకం పెట్టండి. ఏ పెట్టె, అందులో ఎవరి వీడియో ఉంది, ఎందుకు మామూలు పద్ధతి తప్పించారు, అన్నీ. అది నా చేతిలో ఉంటే నేను మీ యజమానిని అడగగలను. మీ మీదకీ వస్తుందనుకోండి."

"నా మీదకి రానీండి" అని పెదనాన్న పెన్ను అందుకున్నాడు. రాయడం మొదలుపెట్టాడు. ఆయన దస్తూరీ పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాలు. రెండు వరుసలు సాగింది. తర్వాత పెన్ను ఆగింది.

"రాయి నాన్నా" అంది అక్క.

"నీ పేరు రాయాలమ్మా ఇక్కడ."

"రాయి."

"కాగితం మీద పడితే ఉండిపోతుంది తల్లీ. ఫైల్లో పెడతారు. మళ్లీ కంప్యూటర్లో ఎక్కిస్తారు."

"ఊరూరా నా మొహం తిరుగుతోంది. ఇంకా ఎవరి దగ్గర దాస్తావు?"

"మొహం వేరు. అది నువ్వో కాదో అనుకుంటారు. పేరు పడితే..."

"నాన్నా, నీ కాళ్లు పట్టుకుంటాను. రాయి."

నేను కూడా అరిచాను. ఏం అరిచానో గుర్తు లేదు. ఆయన పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. జీవితమంతా మాయం చెయ్యడమే నేర్చుకున్న చెయ్యి. దానికి నిలబెట్టడం తెలియదు. చివరికి రాసిన రెండు వరుసల మీద అడ్డంగా గీతలు కొట్టి, కొట్టి, కాగితం చిరిగేదాకా కొట్టి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. మేనేజరు లేచి నిలబడ్డాడు. పని అయిపోయిందని అర్థం.

బస్సులో వెనక సీటు దొరికింది. అక్క కిటికీ పక్క, పెదనాన్న మధ్యలో, నేను చివర. కాసేపటికి అక్క అంది, "నువ్వు దాన్ని మొత్తం విన్నావా నాన్నా?"

"లేదమ్మా. నువ్వు చూడొద్దన్నావుగా."

"అప్పుడన్నాను. ఇప్పుడు అందరూ చూశారు. మిగిలింది నువ్వొక్కడివే." ఫోను తీసింది. "డప్పులు లేనిది కూడా ఎవరో పంపారు నాకు. మొత్తం ఉంది. విను."

ఆయన చేతిలో పెట్టింది. నేను ఆయన భుజం మీదుగా విన్నాను. డప్పు లేకపోతే అది ఎంత నెమ్మదిగా ఉందో. డాక్టరు గొంతు ఏదో అడిగింది. అక్క మోకాళ్లు పట్టుకుని మాట్లాడుతోంది.

"ఇంట్లో నన్నెవరూ ఏమీ అనరు డాక్టర్. నాన్న పని నుంచి వస్తాడు. తిన్నావా అంటాడు. తిన్నానంటే సరే అని వెళ్లిపోతాడు. తినలేదన్నా సరే అని వెళ్లిపోతాడు." అక్కడ ఆమెకి నవ్వొచ్చింది, ఆ నవ్వే ఏడుపయింది. లోకమంతా చూసి నవ్వుకున్నది ఆ ముక్కనే. ఆమె ముక్కు తుడుచుకుని మళ్లీ నోరు తెరిచింది. "మా నాన్నకి నేను ఒక్క సంగతి చెప్పాలని..."

పెదనాన్న బొటనవేలు కదిలింది. తెర మీద ఫోను అడిగింది, తీసేయమంటారా అని. ఆయన వేలు మళ్లీ నొక్కింది. అక్క మొహం పోయి ఫోను నల్లగా అయింది.

"వద్దులేమ్మా" అన్నాడు. "తీసేశాను."

అక్క ఆయన చేతిలోంచి ఫోను తీసుకుంది. కోప్పడుతుందనుకున్నాను. నవ్వింది, కెమెరా ముందు నవ్విన నవ్వు కాదు, ఇంకేదో.

"అసలు మాట ఇంకా రాలేదు నాన్నా" అంది.

అదేమిటని ఆయన అడగలేదు.